తండా దిగులుకూ ఒక చరిత్ర ఉంది

ఈ ప్రత్యేక సంచికలో తీజ్ గురించి, సేవాలాల్ మహరాజ్ గురించి, ఎరుకల బుట్టల అల్లిక గురించి మన పెద్దలు రాస్తున్నారు. మాకు వచ్చిన పని వేరు. సంఘం సమావేశంలో ఒక తమ్ముడు లేచి, "పండుగల గురించి రాసుకుంటున్నాం, బాగానే ఉంది. మన ఇళ్లలో ఉరుము లేని పిడుగులా పడే చావుల సంగతి ఎవరు రాస్తారు?" అన్నాడు. కాసేపు ఎవరం నోరు మెదపలేదు. అతనికి జవాబు వెతుకుతూ రాసిందే ఈ వ్యాసం. గంపలగూడెం, తిరువూరు, ఎ.కొండూరు, విస్సన్నపేట చుట్టుపక్కల తండాల్లో, వాడల్లో పెరుగుతున్న మీ కోసం రాశాం.

ఎవరైనా తన ప్రాణం తానే తీసుకున్నారని తెలిస్తే ఊళ్లో వినపడే మాటలు మీకు తెలుసు. పిరికివాడు. తాగుబోతు. పెళ్లాం మాట పడలేకపోయాడు. ఆ పిల్లకు ఫోను పిచ్చి. దినాలు అయిపోయాక ఆ మాటలూ ఆగిపోతాయి. అప్పులవాళ్లకు సమాధానం చెప్పుకుంటూ ఇంటి ఆడమనిషి ఒక్కతే మిగులుతుంది. వైద్యులు చెప్పేదేమంటే, ఏ ఒక్క కారణంతోనూ మనిషి ఆ పని చెయ్యడు. అంతే అప్పు ఉన్న పక్కింటాయన ఎలాగో ఈదుకొస్తాడు. మనసు జబ్బు, ఒంటి జబ్బు, తాగుడు, అవమానం, ఒంటరితనం, చేతిలో డబ్బు లేకపోవడం, ఇవి ఒకదాని మీద ఒకటి పేరుకున్నప్పుడే ప్రమాదం. వీటిలో కొన్ని ఆ మనిషివే. చాలా వరకు మాత్రం మనం పుట్టకముందే మన నెత్తిన పెట్టినవి. వాటికి తేదీలున్నాయి, చట్టాల పేర్లున్నాయి.

రైలు దగ్గర మొదలుపెడదాం. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తా నుంచి నైజాం లోపలికి తిరిగేవాళ్లు. ఎరుకలవాళ్లూ ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్ముకునేవాళ్లు. 1876–78 నాటి ధాత కరువు మనుషుల్నీ పశువుల్నీ ఊడ్చేసింది. 1889లో నైజాం రైలు బెజవాడ చేరింది. మన పక్కనున్న మధిర మీదుగా పోయే లైను అదే. ఎద్దులు రోజుల తరబడి మోసే సరుకును గూడ్సు బండి ఒక్క రాత్రిలో దింపేది. ప్రతి కనుమా, ప్రతి రేవూ తెలిసిన జనానికి ఆ తెలివితో పని లేకుండా పోయింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ మద్రాసు రాష్ట్రంలోని కొరవల గురించి, అంటే మన ఎరుకల గురించి, ఈ సంగతే ఒక పుస్తకం నిండా రాశారు. ముందు వృత్తి పోయింది, ఆ వెనకే "నేరస్థ జాతి" అనే ముద్ర వచ్చింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. వేలిముద్రలు, స్టేషనులో హాజరు, ఊరు దాటాలంటే చీటీ. బాపట్ల వైపు స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ రోజుల్లో వెలిసిందే. చట్టాన్ని 1952 ఆగస్టు 31న రద్దు చేశారు. చూపు మాత్రం రద్దు కాలేదు. ఎక్కడైనా దొంగతనం జరిగితే ముందు ఎవరి వాడకు జీపు వచ్చేదో మీ ఇంట్లో ముసలివాళ్లను అడిగి చూడండి.

ఇదంతా పాత కథ, దీనికీ చావులకూ ఏం సంబంధం అనవచ్చు. సంబంధం భూమి దగ్గర ఉంది. తిరుగుడు మాని మనవాళ్లు ఒకచోట నిలబడేసరికి మంచి భూములకు యజమానులు ఎప్పుడో తేలిపోయారు. గంపలగూడెం ఒకప్పుడు జమీందారీ. 1948 చట్టంతో జమీందారీలు రద్దయినప్పుడు రికార్డుల్లో పేరున్నవాళ్లకు పట్టాలు వచ్చాయి. రికార్డులో పేరు లేనివాళ్లకు కూలి మిగిలింది. తరువాతి కాలంలో మనకు దక్కినవి గుట్ట వాలులో, వాగు పక్కన ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టాలు. అవి అన్యాక్రాంతం కాకుండా 1977లో చట్టం చేశారు. కాగితం మీద అది మంచి చట్టమే.

ఇక్కడ ఒక సంగతి మీలో చాలామందికి తెలియదని మాకు అనుమానం. మనం షెడ్యూల్డు తెగలవాళ్లమే కానీ షెడ్యూల్డు ప్రాంతంలో లేము. 1/70 అని అందరూ చెప్పుకునే భూ బదలాయింపు నిబంధన, ఏజెన్సీలో వడ్డీ వ్యాపారుల మీద 1960లో వచ్చిన నిబంధన, పెసా చట్టం, ఇవేవీ మన జిల్లాలో పనిచెయ్యవు. మైదానం గిరిజనులు అనే మాటకు అర్థం ఇది: కులధ్రువీకరణ పత్రం ఉంటుంది, దాని వెనక ఉండాల్సిన రక్షణ ఉండదు. సరిహద్దు చిక్కు ఇంకొకటి. ఆంధ్ర ప్రాంతంలో లంబాడీలూ ఎరుకలవాళ్లూ 1956 నాటికే ఎస్టీ జాబితాలోకి వచ్చారు. అవతల మధిర వైపు బంధువులు ఆ జాబితాలో చేరింది 1976 చట్టంతో. ఇరవై ఏళ్ల పాటు వియ్యంకులలో ఒకరు గిరిజనులు, ఇంకొకరు కాదు. 2014లో మళ్లీ రాష్ట్రం గీత మన పొలాల పక్కనే పడింది.

భూమి సరే, నీళ్లు? నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం దాటి మన దాకా రావాలి. మనం కాలువ చివరి జోను. పైన అందరికీ సరిపోయాక మన వంతు. అందుకే ఇక్కడ సేద్యమంటే వాన, బోరు. బోరుకు అప్పు, బోరు ఎండితే ఇంకో బోరుకు ఇంకో అప్పు. మిరప, పత్తి వేసిన ఇంట్లో పిల్లవాడికి లెక్కల పుస్తకం కన్నా ముందు వడ్డీ లెక్క వస్తుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు. కట్టలేకపోతే నోటు తిరగరాస్తారు. అలా రెండుసార్లు తిరగరాస్తే మూడో ఏడాది చివరకు లక్ష రెండున్నర లక్షలు దాటుతుంది. ఏ పంటా ఏటా నూటికి ముప్పై ఆరు పెరగదు. ఈ ఒక్క లెక్క అర్థమైతే, "అంత అప్పు ఎలా చేశాడో" అని ముక్కున వేలేసుకునే పని ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో రైతుల చావులు మొదట పెద్దగా వార్తలకెక్కింది 1987–88లో, గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి పొలాల్లో తెల్లదోమ విరుచుకుపడినప్పుడు. పదేళ్లకు 1997–98లో వరంగల్ పత్తి రైతుల వంతు వచ్చింది. 2004లో ప్రభుత్వం జయతీ ఘోష్ అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషన్‌ను వేసింది. కౌలుదారులను గుర్తించి బ్యాంకు అప్పు ఇవ్వాలని ఆ కమిషన్ గట్టిగా చెప్పింది. అదే ఏడాది జూన్ 1న జీవో 421 వచ్చింది. చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు. ఆ సాయం 2015లో ఐదు లక్షలు, 2019లో ఏడు లక్షలు అయింది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ కలిసిన త్రిసభ్య కమిటీ వచ్చి విచారిస్తుంది. ఏం అడుగుతుంది? పాస్‌బుక్కు, బ్యాంకు అప్పు కాగితం. కౌలు నోటిమాట మీద, అప్పు వడ్డీ వ్యాపారి దగ్గర. రెండిటికీ కాగితం ఉండదు. అలాంటి ఇంటి ఆడమనిషి కమిటీ ముందు తన భర్త రైతేనని రుజువు చేసుకోవాలి. బతికుండగా అతన్ని రైతుగా ఎవరూ గుర్తించలేదు, పోయాక గుర్తించమంటే ఎలా?

కౌలుదారుకు కాగితం ఇవ్వాలని 2011లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. సీసీఆర్‌సీ కార్డు దానితో వచ్చిందే. పదకొండు నెలల ఒప్పందం, దాని మీద భూయజమాని సంతకం. ఆ సంతకం దగ్గరే బండి ఆగుతుంది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది కౌలు ఇవ్వడేమోనని మనవాడి భయం.

జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో నాలుగో వంతు కన్నా ఎక్కువమంది రోజుకూలీలు. వ్యవసాయం మీద బతికేవాళ్లు 11,290 మంది. అందులో రైతులు 5,207, కూలీలు 6,083. రైతు చావు అనగానే మన కళ్ల ముందుకు భూమి ఉన్న మనిషి వస్తాడు. లెక్కలో కూలీ ముందున్నాడు.

అప్పు ఇంట్లోకి వచ్చే దారి కూడా మారుతూ వచ్చింది. ఒకప్పుడు షావుకారు. ఆ తరువాత గ్రూపు. 2006 మార్చిలో మన కృష్ణా జిల్లాలోనే పెద్ద గొడవ జరిగింది. సూక్ష్మరుణ సంస్థల వడ్డీలు, వసూళ్ల ఒత్తిడి, అప్పు తీసుకున్న ఆడవాళ్ల మరణాల మీద ఆరోపణలు రావడంతో జిల్లా యంత్రాంగం యాభై దాకా శాఖలను మూయించింది. ప్రపంచమంతా సూక్ష్మరుణాలను పొగుడుతున్న రోజులవి. ఆ ఏడాదే బంగ్లాదేశ్‌లో వాటికి ఆద్యుడైన యూనస్‌కు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. నాలుగేళ్లకు అదే సంకటం రాష్ట్రమంతా పాకింది. 2010 అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది. వారం వారం కాకుండా నెలకోసారి వాయిదా, వసూలు పంచాయతీ ఆఫీసు లాంటి పదిమంది తిరిగే చోటే, అసలుకు మించి వడ్డీ గుంజకూడదు. ఇంటి ముందు కూర్చుని అరిచే పద్ధతి అప్పుడు తగ్గింది. గ్రూపు అప్పులో మనిషిని కుంగదీసేది డబ్బు ఒక్కటే కాదు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. నిన్నటిదాకా చక్కెర, ఉల్లిపాయ ఇచ్చిపుచ్చుకున్న వదినా మరదళ్లే ఇవాళ వచ్చి వాకిట్లో నిలబడతారు. తండాలో అందరూ చుట్టాలే. అవమానం దాచుకునే మూల ఉండదు.

ఇప్పుడు అప్పు మీ జేబులో ఉంది. లోన్ యాప్‌ల గురించి మీకు మేము చెప్పనక్కర్లేదు. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు నిబంధనల ప్రకారం అప్పు యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు ముట్టుకోకూడదు. ముట్టుకుని బెదిరిస్తే అది నేరం. 1930కి ఫోను చెయ్యాలి. తల దించుకోవాల్సింది మీరు కాదు. ఆన్‌లైన్ పందేలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. అయినా వాటి వల్ల మునిగిన కుర్రాళ్లు మన మధ్య ఉన్నారు. నాన్నకు చెప్పడానికి భయపడి నెలల తరబడి నిద్రపోని తమ్ముడు ఒకడు చివరకు చెప్పాక, నాన్న నాలుగు తిట్లు తిట్టి, గేదెను అమ్మి, సగం కట్టి, మిగతాదానికి గడువు అడిగాడు. ఇది మా కళ్లతో చూసింది.

మన పేపర్లలో దశాబ్దాలుగా కనిపించే ఒక మాట ఉంది: "కడుపునొప్పి తాళలేక". పాత పేపర్లు తిరగేస్తుంటే ఈ మాట దగ్గర మా వేలు చాలాసార్లు ఆగింది. నిజంగా జబ్బు బాధ ఉన్నవాళ్లు లేరని కాదు. మన పక్కనే ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తిప్పలు పెట్టిందో అందరికీ తెలుసు. డయాలసిస్ కోసం తిరిగే ఖర్చు, ఆ రోజు పోయిన కూలి, రెండూ అప్పులోకే పోతాయి. కానీ స్టేషనులో చాలామంది కడుపునొప్పి అని రాయించింది భయంతో. 1860 నాటి శిక్షాస్మృతిలో 309 సెక్షన్ కింద ప్రాణం తీసుకోబోవడం నేరం. బతికి బయటపడ్డవాడికి ఆసుపత్రి మంచం పక్కనే కేసు. పరువు భయం దానికి తోడు. అలా అప్పు, కొట్లాట, అవమానం అన్నీ కడుపునొప్పి అయిపోయాయి. కారణం కాగితం మీదికే ఎక్కకపోతే సర్కారు దేనికి మందు వేస్తుంది? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మేలో అమల్లోకి వచ్చింది. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలే తప్ప శిక్షించకూడదని, వైద్యం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని అది చెప్పింది. 2024 జూలై 1న వచ్చిన కొత్త న్యాయ సంహితలో 309 సెక్షన్ లేదు. కాబట్టి ఇప్పుడు నిజం చెప్పినందుకు కేసు భయం అక్కర్లేదు. ఈ సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లకు ముందు చెప్పండి.

మన తప్పులూ రాసుకోవాలి. సారా ఒకటి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చి 1997కల్లా పోయింది. తండాలో బట్టీ కొందరికి కూడు పెట్టింది, అంతకన్నా ఎక్కువమంది కూడు తీసింది. తాగిన రాత్రి తీసుకున్న నిర్ణయాలను తెల్లారాక వెనక్కి తీసుకోలేం. రెండోది కట్నం. లంబాడీల్లో ఒకప్పుడు పిల్లవాడి తరఫువాళ్లే ఓలి ఇచ్చేవారు. ఇప్పుడు కట్నం మనమూ నేర్చుకున్నాం, దానితో పాటు ఆడపిల్ల పుట్టగానే పెట్టే దిగులు మొహాన్నీ నేర్చుకున్నాం. మూడోది కులపంచాయితీ. నాయక్, కారోబారి కూర్చుని తగవు తీర్చడం మన గొప్ప అని చెప్పుకుంటాం. చాలాసార్లు నిజమే, కోర్టు ఖర్చు లేకుండా కాపురాలు నిలబడ్డాయి. కానీ ప్రేమించిన పిల్లను నలుగురిలో నిలబెట్టి దండుగ వేసిన రోజులూ ఉన్నాయి. ఆ రాత్రి ఆ పిల్ల పక్కన ఎవరు పడుకున్నారని ఏ నాయక్ అయినా అడిగాడా?

చదువుకోవడానికి బయటికి వెళ్లినవాళ్ల బరువు వేరు. వంశంలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాడికి ఒక సబ్జెక్టు పోతే తండా మొత్తం పోయినట్టుంటుంది. 2019 మేలో ముంబైలో పాయల్ తడ్వి అనే ఆదివాసీ వైద్యురాలు చనిపోయింది. తోటి డాక్టర్లు కులం పేరుతో వేధించారని కేసు నడిచింది. ఆమె తల్లి, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 2016లో చనిపోయిన రోహిత్ వేముల తల్లి కలిసి అదే ఏడాది సుప్రీంకోర్టుకు వెళ్లారు. విశాఖలో ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని వాటిలో ఉంది. మీ కాలేజీలో ఉన్నారా? లేకపోతే ఎందుకు లేరని అడగడం మీ హక్కు.

ఇవి మారనివి కావని బయటి దేశాల అనుభవం చెబుతోంది. శ్రీలంకలో అత్యంత ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చాక, 1995 నుంచి 2015 మధ్య ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది. చావాలన్న ఆలోచన చాలామందిలో కొద్దిసేపు ముంచెత్తే వరద. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే మనిషి దక్కుతాడు. దక్కినవాళ్లలో ఎక్కువమంది ఆ తరువాత మామూలుగా బతుకుతారు. ఇండోనేషియాలో పేద కుటుంబాలకు నేరుగా డబ్బు ఇచ్చిన పథకం అమలైన చోట ఆత్మహత్యలు దాదాపు 18 శాతం తగ్గాయని 2019లో ఆర్థికవేత్తలు తేల్చారు. ఆకలికీ దిగులుకూ ఉన్న ముడి ఎంత గట్టిదో దీన్నిబట్టి చూడండి.

మాకు అన్నిటికన్నా పట్టు చిక్కింది కెనడా సంగతి. బ్రిటిష్ కొలంబియాలో దాదాపు రెండు వందల ఆదివాసీ సమూహాలు ఉన్నాయి. ఆదివాసీ యువతలో ఆత్మహత్యలు చాలా ఎక్కువని అందరూ అనేవారు. చాండ్లర్, లాలోండ్ అనే ఇద్దరు పరిశోధకులు సమూహాల వారీగా లెక్క తీసి 1998లో ప్రకటించారు. చావులన్నీ కొన్ని చోట్లే కుప్పపడ్డాయి, చాలా చోట్ల అసలు లేవు. తేడా ఎక్కడుంది? తమ భూమి హక్కు కోసం నిలబడినవి, తమ పాలన, బడి, వైద్యం తమ చేతిలో ఉన్నవి, తమ పాటలూ పండుగలూ జరుపుకునే చోటు ఉన్నవి, ఆ సమూహాల్లో పిల్లలు నిలిచారు. ఈ ఏర్పాట్లన్నీ ఉన్న చోట వాళ్లు చూసిన ఆ ఐదారేళ్లలో ఒక్క చావూ లేదు. సాంస్కృతిక సంఘం అంటే డప్పు, డ్రెస్సు, ఫొటో అని నవ్వేవాళ్లకు ఈ లెక్క చూపించండి. మన దగ్గరా ఆ సామాను కొంత ఉంది. పెళ్లికూతురు అత్తారింటికి పోతూ ఢావ్లో పాడి ఏడుస్తుంది. చావింటికి వచ్చిన ఆడవాళ్లు మెడలు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది గానీ, గుండెలో ఉన్నది నలుగురిలో బయటపెట్టే దారి అది. మగవాళ్లకు మాత్రం మనం ఆ దారి ఇవ్వలేదు, సీసా ఇచ్చాం.

చేతిలో పని సంగతి. ఎవరైనా మాట తగ్గించినా, నిద్ర పోయినా, "ఇక నేను లేకపోతేనే మీకు బాగుంటుంది" అన్నా, "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగాక బుద్ధులు చెప్పకుండా వినండి, ఒంటరిగా వదలకండి. 14416కు ఫోను చెయ్యండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది. డబ్బు పడదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఆ ఆలోచన మీకే వస్తుంటే, ఆ నంబరు మీదే. పరిస్థితి చెయ్యి దాటుతోందనిపిస్తే 108. పొలం మందులు ఇంట్లో ఉంచకుండా తాళం ఉన్న చోట పెట్టించండి.

ఈసారి తీజ్‌కు గోధుమ మొలకలు పెట్టే తొమ్మిది రాత్రుల్లో రెండు రాత్రులు మేము వేరే పనికి అడిగి తీసుకున్నాం. సీసీఆర్‌సీ కార్డు లేని కౌలుదారుల పేర్లు, నూటికి మూడు దాటిన అప్పులు, కమిటీ "అర్హత లేదు" అని తిప్పిపంపిన ఇళ్లు రాస్తాం. రాయడానికి మీరు కావాలి, మా చూపు ఆనడం లేదు. రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాం. అట్ట లోపల 14416 అని పెద్ద అంకెలతో రాశాం. పేర్లు మొదటి పేజీ నుంచి మొదలవుతాయి.